దిష్టిబొమ్మ దగ్గు

మా వీధి మొగదల ఉన్న కరెంటు స్తంభం కింద నుంచి, చీకటి పడ్డాక ఎవరూ ఒంటరిగా నడవరు.

నడవక తప్పకపోతే – "నోట్లో మూడు కోకా ఆకులు వేసుకో, తల వంచుకో, పైకి మాత్రం చూడకు" అంటారు మినీబస్సు డ్రైవర్లు. చెప్పి, బస్సు ఆపకుండానే తలుపు తీసి దింపేసి పోతారు.

పైన వేలాడేది గడ్డిబొమ్మే. మా కొండమీది ఊరు ఎల్ ఆల్టోలో ఏ పేటకి వెళ్ళినా ఉంటుంది అలాంటి దిష్టిబొమ్మ. మెడకి ఉరితాడు, గుండె మీద అట్టముక్క, దాని మీద ఎర్రరంగుతో – "దొంగ దొరికితే తగలబెడతాం." వాటికి ఎవరూ భయపడరు. పిల్లలు రాళ్ళు విసురుతారు. పావురాలు గడ్డి పీక్కుపోతాయి.

కానీ మా స్తంభం మీది బొమ్మ... దగ్గుతుంది.

ఈ కథ మీరు వినే ఉంటారు. తెయోఫిలో తాగినప్పుడల్లా చెప్తాడు. సంతలో దుంపలమ్మే ఆడవాళ్ళు చెప్తారు. ఒక్కొక్కరు ఒక్కోలా. చచ్చిన గనివాడు కోటు కోసం వచ్చాడని ఒకరు, ఉరితాడు తెంపుకుని బొమ్మే నడిచిందని ఒకరు. ఒక్కచోట మాత్రం అందరూ ఒకటే మాట – "ఆ రాత్రి ఎవరో ఈల ఊదారు" అంటారు.

ఎవరో కాదు. నేనే.

మూడేళ్ళ నుంచి నేను కూడా "ఎవరో" అనే చెప్తూ వచ్చాను. ఈవేళ అలా రాయబుద్ధి కావడం లేదు.

* * *

మా నాన్న ఎలియోదోరో గని మనిషి. గని మూతపడ్డాక ఈ చలిగాలుల ఊరికొచ్చి, ఇటుక మీద ఇటుక పెట్టి రెండు గదులు కట్టాడు. గనిలోంచి ఆయన బయటికొచ్చాడు గానీ ఆయన ఊపిరితిత్తుల్లోంచి గని రాలేదు.

దగ్గు. రెండు చిన్నవి, ఒకటి పొడుగుది... ఆ తర్వాత కాసేపు ఏమీ ఉండదు. ఛాతీలో ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతుక్కుంటున్నట్టు. అప్పుడు మళ్ళీ రెండు చిన్నవి.

రాత్రిళ్ళు వీధంతా వినపడేది. "ఎలియోదోరో మేలుకునే ఉన్నాడు, మనం నిశ్చింతగా పడుకోవచ్చు" అనేది పక్కింటి ఇలారియా అత్త. నాన్న కూడా నవ్వేవాడు. నవ్వితే మళ్ళీ దగ్గు.

నాన్న పోయిన ఏడాదికి మా ఇంట్లో దొంగలు పడ్డారు.

శుక్ర, శనివారాలు నేను పెళ్ళిళ్ళ హాల్లో వడ్డనకి వెళ్ళేదాన్ని. రాత్రంతా విందు, తెల్లారాకే ఇల్లు. ఆ ఆదివారం పొద్దున్న వచ్చేసరికి గేటు బార్లా తెరిచి ఉంది. అమ్మ కుట్టుమిషను లేదు. గ్యాసు సిలిండరు లేదు. రేడియో లేదు.

అవి పోతే పోయాయి. పొయ్యి మీద వేరుశనగ పులుసు ఉంచింది అమ్మ, నేను వచ్చాక తాగుతానని. అది తాగారు వాళ్ళు. హడావిడిగా నిలబడి కాదు... కుర్చీలు లాక్కుని, కూర్చుని. నాన్న గిన్నెలో పోసుకుని. తాగి, నాన్న ఫోటో కింద పరిచిన గుడ్డతో మూతి తుడుచుకున్నారు.

అమ్మ మంచం మీద కూర్చుని ఉంది. రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని, ఎవరివో చేతులు చూస్తున్నట్టు చూసుకుంటోంది.

"నీకేం వినపడలేదా అమ్మా?"

"లేదే వీల్మా. మొద్దునిద్ర పట్టేసింది."

మా అమ్మ నికొలాసా నా ఎరికలో అబద్ధం ఆడలేదు. అందుకని నమ్మేశాను.

* * *

ఆ మొద్దునిద్ర తర్వాత ఆమె మళ్ళీ కన్ను మూయలేదు.

ముందు గోడ మీద సీసా పెంకులు పెట్టించింది. తర్వాత గేటుకి రెండో తాళం. తర్వాత వాకిట్లో అడ్డంగా దారం కట్టి, దానికి ఖాళీ డబ్బాలు వేలాడదీసింది. పిల్లి వెళ్ళినా గలగలలాడేవి. చీకటి పడగానే గడప మీద బూడిద చల్లేది – అడుగు పడితే పొద్దున్నే తెలుస్తుందని.

నాన్న గిన్నెని పెరట్లో పాతిపెట్టింది. కుర్చీలు మూడుసార్లు కడిగింది. కడిగినా వాటి మీద కూర్చునేది కాదు. నేల మీదే కూర్చుని తినేది, గోడకి వీపు ఆనించి, గుమ్మం కేసి చూస్తూ.

"పడుకో అమ్మా. నేను మేలుకుంటాను."

"నువ్వు పడుకో. నాకు నిద్ర రావట్లేదులే."

"నిన్న కూడా రాలేదుగా."

"వాళ్ళు ఇల్లంతా చూసేశారే" అనేది మెల్లగా. "ఏది ఎక్కడుందో తెలుసు వాళ్ళకి. మంచం ఎక్కడుందో తెలుసు."

నెల తిరిగేసరికి బుగ్గలు లోపలికి పోయాయి. కుట్టుపని లేదు, చేతులు మాత్రం ఊరికే గుడ్డ మడతపెట్టి విప్పుతూ ఉండేవి. ఒకరోజు ఇలారియా అత్త నన్ను గోడ పక్కకి పిలిచి అంది –

"అమ్మాయ్, మనిషి తిండి లేకుండా కొన్నాళ్ళు బతుకుతుంది. నిద్ర లేకుండా బతకదు. మీ అమ్మ కళ్ళు చూశావా? మా మరిది పోయే ముందు అలాగే ఉండేవి."

నేను శుక్ర, శనివారాలు మానేస్తానన్నాను. అమ్మ ఒప్పుకోలేదు. ఉన్నది ఆ ఒక్క పనే. కొత్త మిషను దాన్నుంచే రావాలి.

కాబట్టి వారానికి రెండు రాత్రులు ఆమెని ఆ ఇంట్లో ఒంటరిగా వదిలి వెళ్ళేదాన్ని. ఇది కూడా రాయాలి కదా... రాస్తున్నాను.

* * *

వీధి పెద్ద సెవెరో బాబాయ్ అందరినీ స్తంభం దగ్గరికి పిలిచాడు.

"మన పాత బొమ్మని చూస్తే దొంగలకి నవ్వొస్తోంది. కొత్తది కడదాం. ఇంటికో గుడ్డ తెండి." తర్వాత సంచీలోంచి ఈలలు తీసి పంచాడు, ఇంటికొకటి. "ఒకరు ఊదితే అందరూ ఊదాలి. ఊదుకుంటూ రావాలి. కర్రతో రావాలి. సరేనా?"

"నా పెళ్ళాం కూడా ఊదచ్చా, నేను ఆలస్యంగా వస్తే?" అన్నాడు తెయోఫిలో. సంతలో మూటలు మోసే మనిషి, వీధిలో పేరుమోసిన తాగుబోతు.

"ఊదమను. కర్రలు మేం తెస్తాం."

అందరూ నవ్వారు. అప్పుడు అమ్మ ముందుకొచ్చి, చంకలో మడిచిపెట్టుకున్న గుడ్డ అందించింది.

గోధుమరంగు కోటు. మోచేతుల దగ్గర తోలు అతుకులు.

ఇలారియా అత్త నవ్వు ఆగిపోయింది. "నికొలాసా... ఇది ఎలియోదోరో కోటు కదే! అతను పోయిన ఎనిమిదో రోజున బట్టలన్నీ ఏట్లో ఉతికి తగలబెట్టలేదూ మనం?"

"తగలబెట్టాం. ఇదొక్కటీ దాచుకున్నాను."

"దాచుకున్నావా! సరే, దాచుకున్నదానివి ఉరి వేసిన బొమ్మకి తొడుగుతావా? పోయినవాడి బట్ట గాలికి వేలాడితే వాడు వెతుక్కుంటూ వస్తాడే పిచ్చిదానా!"

అమ్మ కోటు గుండీలు ఒక్కొక్కటే పెట్టింది, బొమ్మకి. కాలరు సర్దింది.

"రానీ" అంది.

* * *

రెండు వారాలు గడిచాక మొదలైంది.

మొదట విన్నది తెయోఫిలో. సోమవారం పొద్దున్న, రొట్టెల అంగడి దగ్గర, చేతిలో ఊదారంగు మొక్కజొన్న జావ గ్లాసుతో చెప్పాడు. నేను అక్కడే ఉన్నాను.

"శనివారం రాత్రి... రెండు దాటింది. స్తంభం దాకా వచ్చాను. దగ్గు వినపడింది. రెండు చిన్నవి, ఒక పెద్దది."

"తాగావు" అంది రొట్టెలమ్మి.

"తాగాను. కానీ దగ్గింది నేను కాదు!" గొంతు తగ్గించాడు. "పైకి చూశాను. బొమ్మకి కోటు లేదు. ఒట్టి చొక్కా, గడ్డి. కోటేమో..."

"కోటేమో?"

"కోటు కింద నిలబడి ఉంది."

రొట్టెలమ్మి ఛాతీ మీద శిలువ గుర్తు వేసుకుంది.

"తెల్లారాక వచ్చి చూశాను" అన్నాడు. "కోటు మళ్ళీ పైనే ఉంది. గుండీలన్నీ పెట్టి."

ఆ తర్వాత ఇంకా ఇద్దరు విన్నారు. అందరూ శుక్రవారమో శనివారమో విన్నవాళ్ళే. మిగతా రోజుల్లో బొమ్మ నోరెత్తేది కాదు. ఎందుకని ఎవరూ ఆలోచించలేదు... నేను కూడా.

అమ్మనడిగాను. "నువ్వు విన్నావా?"

"విన్నాను." అప్పటికే అమ్మ గొంతు బొంగురుపోయింది. చలి అనేది. నీలగిరి ఆకులు మరగబెట్టి ఆవిరి పట్టేది. వారం వారానికీ ఆ గొంతు ఇంకా సన్నబడి, చివరికి గుసగుసే మిగిలింది.

"భయం వెయ్యలేదా?"

"భయం దేనికే? మనకి వినపడితే దొంగలకీ వినపడుతుంది."

ఒక ఆదివారం నేను వచ్చేసరికి అమ్మ గడప ఊడుస్తోంది. చీపురు కన్నా ముందు నా కళ్ళు పడ్డాయి బూడిద మీద – పెద్ద అడుగులు. ఎడమ మడమ దగ్గర మూడు మేకులు లేని బూటు. ఆ బూటు నాకు తెలుసు. నాన్న మంచం కింద ఉండేది.

అడుగులు బయటికి వెళ్ళాయి. మళ్ళీ లోపలికి వచ్చాయి.

"అమ్మా... ఇవి..."

"పో, మొహం కడుక్కో" అంది గుసగుసగా. బూడిద ఎగిరింది. అడుగులు లేవు.

ఆ రోజు నుంచి మెడలో ఈల వేసుకుని తిరిగాను.

* * *

అక్టోబరు ఆఖరి శనివారం. పెళ్ళికూతురి మేనమామకీ, బ్యాండువాళ్ళకీ గొడవైంది. కుర్చీలు లేచాయి. హాలు యజమాని దీపాలార్పి అందరినీ ఇళ్ళకి పొమ్మన్నాడు. అప్పటికి ఒంటిగంట.

మినీబస్సు మమ్మల్ని పెద్దరోడ్డు మీద దింపింది. అక్కడి నుంచి నేనొక్కదాన్నే.

గాలి. ఎక్కడో రేకు టపటపలాడుతోంది. మా ఊళ్ళో రాత్రి కుక్కలు ఎప్పుడూ మొరుగుతూనే ఉంటాయి – ఆ రాత్రి మొరగలేదు. తెలిసిన మనిషిని చూసినప్పుడు ఊరుకున్నట్టు ఊరుకున్నాయి.

తల వంచుకున్నాను. స్తంభం నీడ కాళ్ళ కిందికి వచ్చింది. తాడు కిర్రుమంది...

చూడకు, చూడకు అనుకుంటూనే చూశాను.

బొమ్మకి కోటు లేదు. ఒట్టి చొక్కా. చొక్కాలోంచి గడ్డి గాలికి రాలుతోంది. తాడు కొస కట్టే మేకు దగ్గర ముడి కొత్తగా ఉంది – ఎవరో కిందికి దింపి మళ్ళీ పైకి లాగినట్టు.

అప్పుడు వినపడింది.

రెండు చిన్నవి. ఒకటి పొడుగుది.

దగ్గు పై నుంచి రాలేదు. ముందు నుంచి... మా ఇంటి వైపు నుంచి.

గోడవారగా నడుస్తోంది అది. నాన్న కోటు. నాన్న టోపీ, కళ్ళ మీదికి. మొహానికి మఫ్లరు. నాన్న నడకే – ఎడమకాలు ఒక్క క్షణం ఆలస్యంగా పడే నడక. మా గేటు ముందు ఆగింది. మళ్ళీ దగ్గింది.

నాన్నా అని పిలవబోయాను. ఆ మాట నోటిదాకా వచ్చింది. పిలిచి ఉంటే...

అంతలో అది చెయ్యి చాపి మా గేటు తాళం పట్టుకుంది. లాగి చూసింది. రెండో తాళం కూడా లాగి చూసింది.

దెయ్యానికి తాళంతో పనేమిటి? నాలోంచి భయం మొత్తం దిగిపోయి, దాని చోట ఇంకోటి ఎక్కింది. దొంగ! ఇన్నాళ్ళూ మా నాన్న కోటు తొడుక్కుని, మా నాన్న దగ్గు దగ్గి, వీధిని భయపెట్టి ఇళ్ళలో దాక్కునేలా చేశాడు. ఇప్పుడు లోపల మా అమ్మ ఒక్కతే ఉంది... గొంతు కూడా లేదు అరవడానికి.

ఈల ఊదాను. ఊపిరి ఆగేదాకా ఊదాను.

* * *

ఒక ఈల. ఎదురు మేడ మీద నుంచి రెండోది. తర్వాత ఇక లెక్క లేదు. తలుపులు దబదబా తెరుచుకున్నాయి. దుప్పట్లు కప్పుకుని, చెప్పుల్లేకుండా, చేతికి దొరికింది పట్టుకుని వచ్చారు. ఆ ఆకారం పరిగెత్తలేదు. గేటుకి అడ్డంగా వీపు ఆనించి నిలబడింది, ఇంటిని తానే కాస్తున్నట్టు.

మొదటి దెబ్బ ఛాతీ మీద పడింది. అది వంగిపోయింది. ఈడ్చుకుపోయారు స్తంభం దగ్గరికి.

నేను వాళ్ళ వెంట వెళ్ళలేదు. గేటు తాళాలు తీసి, డబ్బాల దారం తెంపుకుని, లోపలికి పరిగెత్తాను.

"అమ్మా! దొరికాడమ్మా! వాడు దొరికాడు!"

మంచం మీద దుప్పటి కింద అమ్మ ఉంది. చెయ్యి వేశాను.

తలగడలు. రెండు తలగడలు, మనిషి పడుకున్నట్టు సర్ది ఉన్నాయి.

దీపం వేశాను. మేకుకి అమ్మ కుచ్చిళ్ళ పావడా వేలాడుతోంది. దాని కింద ఇంకొకటి. దాని పక్కన గుండ్రటి టోపీ, శాలువా. అమ్మకి ఉన్నవే రెండు పావడాలు. రెండూ ఇక్కడే ఉన్నాయి. మా అమ్మ పావడా లేకుండా, టోపీ లేకుండా చెత్త పారబొయ్యడానికి కూడా గుమ్మం దాటదు. మరి ఏం కట్టుకుని వెళ్ళింది... ఏం తొడుక్కుని...

మంచం కింద చూశాను. నాన్న బూట్లు లేవు.

నేనెలా పరిగెత్తానో నాకు తెలీదు. ఈల నోట్లో పెట్టుకుని ఊదుతూ పరిగెత్తాను – ఆపమని. కానీ మా వీధిలో ఈలకి ఒకటే అర్థం. పట్టుకోండి అని. వదిలెయ్యండి అని చెప్పే ఈల మేము పెట్టుకోలేదు.

ఈల ఉమ్మేసి అరిచాను. "మా అమ్మ! మా అమ్మ!"

"నికొలాసాని ఏదో చేశాడు రా వీడు!" అని ఎవరో కేక పెట్టారు. కర్రలు ఇంకా గట్టిగా లేచాయి.

స్తంభానికి కట్టేశారు అప్పటికే. తల వేలాడుతోంది. పైన బొమ్మ, కింద అది – ఒకే తాడుతో. పెట్రోలు వాసన. సెవెరో బాబాయ్ చేతిలో డబ్బా, కోటు తడిసి నల్లగా మెరుస్తోంది.

"ముసుగు తియ్యండి ముందు" అంటోంది ఇలారియా అత్త. "ఎవడి కొడుకో చూద్దాం."

"వద్దు" అన్నాడు సెవెరో బాబాయ్. "మొహం చూస్తే చెయ్యలేం."

అగ్గిపుల్ల గీశాడు. గాలికి ఆరిపోయింది. నేను మోచేతులతో, పళ్ళతో దారి చేసుకుంటున్నాను. రెండో పుల్ల గీశాడు. అరచెయ్యి అడ్డం పెట్టాడు. అది నిలబడింది... చిన్న పసుపు మంట.

అప్పుడు కట్టేసిన మనిషి దగ్గింది. రెండు చిన్నవి. పొడుగుది రాలేదు. దాని బదులు ఏడుపు వచ్చింది – సన్నగా, ఆడగొంతు.

పుల్ల సెవెరో బాబాయ్ వేళ్ళదాకా కాలింది. పడెయ్యడం మరిచిపోయాడు. నేను అతని చేతి మీద పడి, మంటని నా అరచేతిలో నలిపేశాను. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. తర్వాత టోపీ లాగేశాను.

రెండు జడలు జారిపడ్డాయి. చివర నల్ల ఊలు కుచ్చులు.

కర్ర ఒకటి నేల మీద పడింది. ఇంకొకటి.

"నికొలాసా..." అంది ఇలారియా అత్త. నోటికి శాలువా అంచు అడ్డం పెట్టుకుంది. "ఓరి దేవుడా, నికొలాసా... ఈ వేషమేమిటే?"

అమ్మ పెదవి చిట్లింది. ఆమె మాట వినాలంటే అందరూ దగ్గరికి వంగాల్సి వచ్చింది. వంగారు. చంపడానికి వచ్చినవాళ్ళంతా చెవులు దగ్గర పెట్టి విన్నారు.

"ఆ రాత్రి నేను నిద్రపోలేదు" అంది. "దుప్పటి ముసుగేసుకుని... అంతా విన్నాను. ఒకడు, త్వరగా కానీరా అన్నాడు. ఇంకొకడు నవ్వాడు. తొందరేం లేదు... ఈ ఇంట్లో మగాడు లేడులే, కూర్చో, పులుసు తాగుదాం... అన్నాడు."

ఊపిరి కోసం ఆగింది.

"అందుకని... ఉన్నాడని వినిపిద్దామని..."

ఎవరూ ఆమె కళ్ళలోకి చూడలేదు. కాలిన చేత్తో కట్లు విప్పడం నా వల్ల కాలేదు. తెయోఫిలో విప్పాడు. ఆ రాత్రి వీధిలో తాగకుండా ఉన్నది అతనొక్కడేనేమో అనిపించింది.

* * *

మణికట్టు విరిగింది. ఒక పన్ను పోయింది. రెండు పక్కటెముకలకి గుడ్డ బిగించి కట్టారు.

క్షమించమని ఎవరూ అడగలేదు. ఏ మాటతో అడుగుతారు? మూడోరోజున ఇలారియా అత్త తన కుట్టుమిషను తెచ్చి మా గదిలో పెట్టి, "నాకు కళ్ళు కనపడ్డం లేదులే" అని వెళ్ళిపోయింది. గేటు దగ్గర ఎవరో దుంపల సంచీ, ఎవరో కోడి పెట్టి వెళ్ళారు. ఈల ఊదింది ఎవరని మాత్రం ఎవరూ అడగలేదు.

అమ్మ కూడా అడగలేదు. నేను చెప్పాను.

"తెలుసు" అంది. "నీ ఊపిరి నాకు తెలీదా? బాగా ఊదావు."

ఆ మాట నుంచి నేను ఇప్పటికీ తేరుకోలేదు.

రాత్రిళ్ళు మాత్రం మారలేదు. నొప్పితో కూడా లేచి కూర్చునేది. ఇప్పుడు భయం రెండింతలు – దొంగలకి తోడు వీధి. నేను హాలు పని మానేసి పక్కనే కూర్చునేదాన్ని. ఇద్దరం గుమ్మం కేసి చూస్తూ. అమ్మని ఇలాగే పోగొట్టుకుంటానని నాకు నమ్మకం కుదిరిపోయింది... నా ఈలతో సగం, నిద్ర లేక సగం.

ఏడో రాత్రి – బయట దగ్గు.

నేను కిటికీ సందులోంచి చూశాను. స్తంభం కింద ఒక మనిషి, చేతులు చంకల్లో పెట్టుకుని, చలికి ఎగురుతూ. సెవెరో బాబాయ్. పెట్రోలు డబ్బా తెచ్చిన సెవెరో బాబాయ్. చుట్టూ చూసి, సిగ్గుపడి, మళ్ళీ దగ్గాడు.

"ఎవరే?" అంది అమ్మ.

చెప్పాను. అమ్మ చెవి ఒగ్గి ఇంకోసారి వింది. తర్వాత అంది –

"ఇదేం దగ్గే? మేక దగ్గినట్టుంది."

దొంగలు పడ్డాక అమ్మ పెదవి మీద నవ్వు చూడటం అదే మొదలు.

మర్నాడు ఇంకొకరు. ఆ మర్నాడు ఇంకొకరు. వంతులు వేసుకున్నారట. మాతో ఒక్కరూ చెప్పలేదు. రాత్రి ఒంటిగంటకొకరు వచ్చి స్తంభం కింద నిలబడి, తెల్లారగట్ల దాకా మా నాన్నలా దగ్గి పోయేవారు. ఒక్కరికీ రాలేదు ఆ దగ్గు. అమ్మ దుప్పట్లోంచే తప్పులు పట్టేది.

"మూడు చిన్నవి దగ్గుతాడేమిటి వీడు? రెండే."

"పొడుగుదాని తర్వాత ఆగాలి. ఆగడు. వీడికి ఓపిక లేదు, పెళ్ళానికే తెలియాలి."

అలా అంటూ అంటూ ఒక రాత్రి మాట మధ్యలో ఆగిపోయింది. చూస్తే... నోరు తెరుచుకుని, చెయ్యి నా మీద వేసి, నిద్రపోయింది. నేను కదల్లేదు. తెల్లారేదాకా చెయ్యి తిమ్మిరెక్కినా కదల్లేదు.

కోటు మళ్ళీ బొమ్మకే తొడిగాం. తగలబెట్టమని ఇలారియా అత్త అంటే, "పెట్రోలు వాసన పోయాక చూద్దాం" అంది అమ్మ.

* * *

ఇక్కడితో కథ అయిపోతే బాగుండును. తెయోఫిలో ఇక్కడితోనే ఆపుతాడు. అతనికి తెలిసింది ఇంతవరకే.

డిసెంబరులో ఒక రాత్రి వడగళ్ళు పడ్డాయి. మా ఊళ్ళో వడగళ్ళంటే రేకుల మీద గులకరాళ్ళు కుమ్మరించినట్టే. వీధిలో మడమలోతు తెల్లగా పేరుకుంది. కరెంటు పోయింది. అమ్మకి మెలకువ వచ్చింది. నా చెయ్యి వెతికి పట్టుకుంది.

"ఈవేళ ఎవరూ రారేమో" అంది.

"ఈ వానలో ఎలా వస్తారమ్మా. నేనున్నాగా."

అమ్మ చెయ్యి చల్లబడుతోంది. పాత భయం మళ్ళీ వేళ్ళలోకి రావడం నాకు తెలుస్తోంది. గుమ్మం కేసి తిరిగింది.

వడగళ్ళు ఆగాయి. ఆ నిశ్శబ్దంలో...

రెండు చిన్నవి.

ఒకటి పొడుగుది.

తర్వాత ఏమీ లేదు. ఛాతీలో ఎక్కడో పెట్టి మరిచిపోయిన వస్తువు కోసం వెతుక్కుంటున్నట్టు... చాలాసేపు.

మళ్ళీ రెండు చిన్నవి.

అమ్మ చెయ్యి వదులైంది. "వచ్చాడే పాపం" అంది మగతగా. "ఎవరో గానీ... వీడికి బాగా వచ్చింది." అటు తిరిగి పడుకుంది. క్షణంలో గురక.

నేను కిటికీ దగ్గరికి వెళ్ళలేదు. వెళ్ళలేకపోయాను. తెల్లారేదాకా వింటూ కూర్చున్నాను.

పొద్దున్న గేటు చప్పుడైంది. తీశాను. వీధి నిండా తెల్లగా వడగళ్ళు, స్తంభం దాకా, స్తంభం చుట్టూ... ఒక్క అడుగు లేదు. గేటు ముందు తెయోఫిలో, టోపీ చేతిలో పట్టుకుని. అతని వెనక అతని అడుగులు మాత్రమే, తన ఇంటి నుంచి మా గేటు దాకా.

"అక్కకి చెప్పు అమ్మాయ్, కోపం చేసుకోవద్దని" అన్నాడు తల దించుకుని, ఇంట్లో కాల్చిన వేడి రొట్టెల పొట్లం నా చేతిలో పెడుతూ. "రాత్రి వంతు నాది. వడగళ్ళకి గుమ్మం దాటలేకపోయాను. వీధిలో ఎవరూ దాటలేదు. ఈ ఒక్క రాత్రికి క్షమించమను. భయపడిందా పాపం?"

"లేదు" అన్నాను. "నిద్రపోయింది."

లోపల అమ్మ పొయ్యి వెలిగించింది. చాన్నాళ్ళ తర్వాత కుర్చీలో కూర్చుని వేరుశనగలు ఒలుస్తోంది.

"ఎవరే అది?"

"తెయోఫిలో బాబాయ్. రొట్టెలు తెచ్చాడు."

"రాత్రి దగ్గింది అతనేనా?"

రొట్టెల పొట్లం బల్ల మీద పెట్టాను. నా చేతులు ఆమెకి కనపడకుండా వెనక్కి పెట్టుకున్నాను.

"అతనే అమ్మా" అన్నాను. "నేర్చుకున్నాడట."